అరిచే కీలు

మా ఎదురుగా ఖాళీ స్థలంలో కొన్నాళ్ళుగా అపార్ట్‌మెంటు లేస్తోంది. మొన్న వాన వెలిసిన పొద్దున నేను వరండాలో కూర్చుని కాఫీ తాగుతుంటే అక్కడి పరంజాలోంచి కిర్రుమని ఓ చప్పుడు వచ్చింది. బరువు మోస్తున్న ఇనుప కీలు ఒక పక్కకి తిరిగేటప్పుడు వచ్చే చప్పుడది. లోపల్నుంచి మా కోడలు, “ఏం గోల మావయ్యగారూ, పళ్ళు జివ్వుమంటున్నాయి” అంది. నాకు పళ్ళు జివ్వుమనలేదు, ఎప్పటిదో కోపం మళ్ళీ రగిలింది. అలాంటి చప్పుడుని కోరి కాపాడుకున్న ఒక మనిషి దగ్గర నేను పనిచేశాను. ఆవిడ పేరు రూతమ్మ. ఆవిడెవరో మా కోడలికి తెలియదు, మీకూ తెలియదు. తెలియకపోవడం మీ తప్పు కాదు. తెలియకుండా చేసిన పెద్దమనుషులు మా చోడవరంలో ఉండేవారు. వాళ్ళంతా దండలు వేయించుకుని, గౌరవంగా ముసలివాళ్ళయి, మంచాల మీద సుఖంగా పోయారు. నా కోపం అక్కడుంది.

ఆంధ్ర రాష్ట్రం కొత్తగా వచ్చిన రోజులు. అనకాపల్లి రోడ్డు మీద రూతమ్మగారికి ఒక అడితి ఉండేది. ఇళ్ళు కట్టేవాళ్ళకి పరంజా సామాను, అంటే సరుగుడు బాదులు, వెదుళ్ళు, కొబ్బరి తాళ్ళు అద్దెకిచ్చేవారు. ఆవిడ తండ్రి వడ్డాదిలో ఎడ్లబళ్ళు చేసే వడ్రంగి. క్రైస్తవులు. కూతుర్ని మిషను బడిలో ఎనిమిదో తరగతి దాకా చదివించాడు. భర్త జ్వరం వచ్చి పోయినప్పుడు, అడితి అమ్మేసి పుట్టింటికి పొమ్మని చుట్టాలంతా చెప్పారట. “అమ్మీసి ఎల్లిపోతే నాను పొద్దున్నే లేసి ఎవర్ని తిట్టాల?” అని అడిగారట ఆవిడ. నిజంగానే తిట్టేవారు. కూలీల్ని, మేస్త్రీల్ని, ఆదివారం ప్రార్థన ఆలస్యంగా మొదలెట్టే పాస్టరుగారిని, ఎవరినీ వదిలేవారు కాదు. గొప్పలకీ లోటు లేదు. పరంజా గురించి తనకి తెలిసినంత ఈ జిల్లాలో ఎవరికీ తెలియదని, ఎదుటివాడు అడక్కపోయినా చెప్పేవారు. చాలామందికి ఆవిడ గిట్టకపోవడానికి అదొక కారణం. అదొక్కటే కారణమంటే మాత్రం నేను ఒప్పుకోను.

నాది కె.కోటపాడు. మాది చెరకు పండించే ఇల్లు. డ్రాయింగు నేర్చుకుని, ఉద్యోగం దొరక్క తిరుగుతుంటే ఎవరో రూతమ్మగారి పేరు చెప్పారు. వెళ్ళాను. కూర్చోమనలేదు. నన్ను రోడ్డు మీదికి తీసుకెళ్ళి, వరసగా పోతున్న చెరకు బళ్ళని చూపించారు.

“అదిగో, ఆ బండి కాడి దగ్గర కట్టుంది సూడు. దాని బొమ్మ గియ్యి.”

బండివాణ్ణి బతిమాలి ఆపి, శ్రద్ధగా గీశాను. కొలతలు వేశాను, నీడలు దిద్దాను. ఆవిడ కాగితం అటూ ఇటూ తిప్పి చూశారు.

“బాగానే ఉంది. మరి ఇది కదల్దేటి?”

“బొమ్మ ఎలా కదులుతుందండీ?” అన్నాను నేను కాస్త చిరాగ్గా.

“ఎంత కదుల్తాదో రాయొచ్చు కదేటి బాబూ? ఓ ఎద్దు గోతిలో దిగితే రెండో ఎద్దు మెడ ఇరగట్లేదు. కట్టు ఊడట్లేదు. ఎందుకలాగ? అది గియ్యి నాకు.”

నేను ఆ ఉద్యోగంలో చేరింది ఆ ప్రశ్న కోసమే. తర్వాత నాకు పెద్ద పెద్ద చోట్ల పని దొరికింది గాని అంత మంచి ప్రశ్న ఇంకెవరూ వెయ్యలేదు.

ఆవిడ ఆలోచన ఇదీ. మావైపు పరంజా అంటే తాళ్ళతో కట్టేదే. తడిస్తే తాడు బిగుస్తుంది, ఎండితే వదులవుతుంది. రోజూ ఎవడో ఒకడు ఎక్కి మళ్ళీ బిగించుకోవాలి. విశాఖ రేవులో ఇనుప గొట్టాలకి ఇనుప పట్టీలు బిగించి పరంజా కట్టడం ఆవిడ చూశారు. అలాంటి పట్టీలే చేయించి సరుగుడు బాదులకి వేయించారు. గట్టిగానే నిలబడ్డాయి. కాని మా నేల వరి పండే నేల. వాన పడిందంటే పరంజా కాళ్ళలో ఏదో ఒకటి కాస్త దిగుతుంది. అప్పుడు బిర్రుగా బిగుసుకున్న పట్టీ ఎటూ లొంగదు, బాదు నిట్టనిలువుగా చీలిపోతుంది. అందుకని కాడి దగ్గర కట్టులాగ, బాదుకీ బాదుకీ మధ్య తిరిగే కీలు కావాలన్నారు. “లొంగాల. వదలకూడదు.” రోజుకి పదిసార్లు ఇదే మాట. బాదులన్నీ ఒకే కొలతకి కోయించారు. ఏ కీలు ఏ బాదుకైనా పట్టాలి, ఇక్కడ విప్పిన పరంజాని రేపు మాడుగులలో ఇంకో ఆకారంలో నిలబెట్టగలగాలి. మా ఊళ్ళో అప్పటికి అలా ఆలోచించిన మనిషి లేడు.

బండి చక్రాల పాత ఇనుప పట్టాలు కోయించి, ఒక్కో కీలుకి రెండు కంకణాలు చేయించాం. రెంటినీ ఒక బోల్టు కలుపుతుంది, ఆ బోల్టు మీద అవి అటూ ఇటూ తిరుగుతాయి. కంకణం లోపల మెత్తగా ఉండటానికి తోలు వేద్దామన్నారు ఆవిడ. నేను వద్దన్నాను. పట్టుబట్టి తోలే వేయించారు. వారం తిరక్కుండా వీధికుక్కలు తోలంతా పీక్కుని తినేశాయి. రూతమ్మగారు ఆ పూటంతా కుక్కల్ని తిట్టారు గాని తనది పొరపాటని అనలేదు. మర్నాడు మాత్రం, “లారీ టైరు రబ్బరేస్తే ఎలాగుంటాది?” అని తనకే తోచినట్టు అన్నారు. అది నేను మొదట్నుంచీ అంటున్న మాట. నోరు మూసుకుని రబ్బరు కోయించాను.

రబ్బరు వేశాక కీలు చక్కగా పట్టింది. కాని బరువు మీద తిరిగినప్పుడల్లా కంకణం అంచు దాటిన రబ్బరు పక్క కంకణం ఇనుముకి రాసుకుని కిర్రుమని అరిచేది. నాకు సిగ్గేసింది. కాస్త గ్రీజు పూస్తే పోతుందని డబ్బా తెచ్చాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆపారు.

“ఉండుండు. ఇది మాటాడతంది. కాలు దిగతంది, దిగిపొండర్రా అని సెప్తంది. దీని నోరు ముయ్యకు.”

అప్పట్నుంచి ఆవిడ సామాను వెళ్ళిన ప్రతి చోటా ఒక పద్ధతి పెట్టారు. కీలు అరిచిందంటే ఎవరు ముందు వింటే వాళ్ళు కేకెయ్యాలి, అందరూ దిగిపోవాలి. మేస్త్రీ కింద చూసి, దిగిన కాలికి రాయి పెట్టి ఎత్తాకే మళ్ళీ ఎక్కాలి. ముందుగా విని కేకేసినవాళ్ళకి మాడుగుల హల్వా ముక్క. మిగతా చోట్ల దిగినవాణ్ణి పిరికివాడని ఎగతాళి చేసేవారు. రూతమ్మగారి పరంజా మీద దిగినవాడికి మిఠాయి పెట్టేవారు. కూలీలు మొదట నవ్వారు, తర్వాత చెవులు రిక్కించి పనిచెయ్యడం అలవాటు చేసుకున్నారు. ఎక్కువ ముక్కలు తిన్నది నూకాలు. సున్నం తట్టలు మోసే మనిషి, గట్టి పిండం, పాము చెవులు. “అమ్మగోరూ, నా ముక్క” అంటూ చెయ్యి చాపుకుని వచ్చేది.

బెల్లం వర్తకులంతా కలిసి ఊరి చివర ఒక పెద్ద గిడ్డంగి తలపెట్టారు. కాంట్రాక్టు జగ్గారావుది. పాత వరి మడిని పూడ్చిన నేల అది. పరంజాకి తాళ్ళు కట్టించడం కన్నా మా కీళ్ళతో పని సగం సమయంలో అవుతుందని జగ్గారావు సామాను మా దగ్గర తీసుకున్నాడు. గోడలు లేచాయి. దూలాలు ఎత్తే ముహూర్తానికి వర్తకులంతా జరీ కండువాలతో వచ్చారు. కొబ్బరికాయ కొట్టే వేళకి పరంజాలో ఓ కీలు కిర్రుమంది. నూకాలు పైనుంచి కేకేసింది, కూలీలంతా దిగిపోయారు. కాలు కింద రాయి పెట్టారు, మళ్ళీ ఎక్కారు. జరగవలసింది అంతే, జరిగిందీ అంతే. కాని వర్తకుల సంఘం పెద్ద మొహం మాడ్చుకుని, “ఇదేటి జగ్గారావూ, మూర్తం యేళ ఈ అరుపులేటి? జనం బయపడరేటి?” అన్నాడు. జగ్గారావు చేతులు నలుపుకుంటూ, “నాను సూస్కుంతాను బాబూ” అన్నాడు. ఆ మాట మేమూ విన్నాం. ఎలా చూసుకుంటాడో మాకు తట్టలేదు.

మర్నాటి నుంచి ఎడతెరిపి లేని వాన. వాన తగ్గి పని మొదలైన రోజు మధ్యాహ్నం పరంజా కూలిందని కబురొచ్చింది. రూతమ్మగారూ నేనూ పరుగెత్తాం. చీలిన బాదులు, చెల్లాచెదరైన తట్టలు. నూకాలుని అప్పటికే ఆస్పత్రికి మోసుకెళ్ళారు. నేను వంగి ఒక బాదు ఎత్తి చూశాను. కీలు కనబడలేదు. కీలు ఉండాల్సిన చోట కొబ్బరి తాడు, గాయానికి కట్టు కట్టినట్టు, వరసలు వరసలుగా బిగించి చుట్టి ఉంది. అన్ని కీళ్ళకీ అలాగే చుట్టారు. తిరగవలసిన కీలు తిరగడానికి వీల్లేదు, అరవడానికీ వీల్లేదు. కాలు దిగింది, కట్టు లొంగలేదు, బాదు చీలింది. మాకు తరతరాలుగా ఉన్న అలవాటు ఒకటుంది, దేనికైనా ధైర్యానికి ఇంకో చుట్టు తాడు చుడతాం. ఆ అలవాటుని జగ్గారావు అరుపు మాన్పించడానికి వాడుకున్నాడు.

నూకాలు ఆస్పత్రి మంచం మీద ఉంది. కుడికాలు తొడ దగ్గర్నుంచి కట్లు. మమ్మల్ని చూసి ఏడవలేదు. రూతమ్మగారు మంచం పట్టె మీద కూర్చుని, “నీకేటైపోయిందే గుంటా, ఇనబడలేదేటే?” అన్నారు. ఆవిడ గొంతు అంత చిన్నదిగా నేనెప్పుడూ వినలేదు.

“అరవలేదమ్మగోరూ. వానలో కూడా అరవలేదు. అరవలేదు కదాని ధైర్యంగా ఎక్కేను.”

ఇన్నేళ్ళయినా ఈ మాట తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ మనిషి అజాగ్రత్తగా లేదు. నేర్పిన దాన్ని నమ్మింది. నమ్మిన దాని నోరు ఎవడో మూసేశాడు.

ఇంకా గట్టిగా ఉంటుందని చెప్పి తాడు చుట్టమన్నది జగ్గారావు బాబేనని నూకాలు మాకే కాదు, చూడ్డానికి వచ్చిన సంఘం పెద్దకీ చెప్పింది. “దెబ్బ తగిలిన మనిషి, ఏదో అంటాది” అని ఆయన అరటిపళ్ళు అక్కడ పెట్టి వెళ్ళిపోయాడు. మిగతా కూలీల్ని అడిగితే నేల చూపులు చూశారు. వాళ్ళని నేనేమీ అనను, రేపు పని ఇవ్వాల్సింది జగ్గారావే. సాయంత్రానికి ఊరంతా ఒకటే మాట. రూతమ్మ కీళ్ళు ఊడిపోయాయట. ఆడమనిషి చేసిన సామాను నమ్మితే అంతే మరి. అడితిలో సామాను తీసుకున్నవాళ్ళు ఒక్కొక్కళ్ళే తెచ్చి పడేయడం మొదలెట్టారు. రూతమ్మగారికి కావలసింది ఒక్కటే. తాడు చుట్టించింది తనేనని జగ్గారావు నలుగురి ముందూ ఒప్పుకోవాలి. లేకపోతే కీలు పోతుంది, అడితి పోతుంది, జనం మళ్ళీ తాళ్ళ మీద వేలాడతారు.

ఆవిడ ఊరుకునే మనిషి కాదు. వర్తకులంతా గిడ్డంగి దగ్గర కూడిన రోజున రెండు పరంజాలు పక్కపక్కన నిలబెట్టించారు. ఒకదానికి కీళ్ళు ఉన్నవి ఉన్నట్టు. రెండోదానికి కీళ్ళ మీద తాడు, జగ్గారావు చుట్టించినట్టే. “బరువుకి మీ బెల్లమే ఎట్టండి బాబూ, మీ కళ్ళతోటి మీరే సూడండి” అన్నారు. రెంటి మీదా బెల్లం దిమ్మలు పేర్చారు. ఒక్కోదాని కాలి దగ్గర నేను బిందెలతో నీళ్ళు పోశాను.

“నాదాని మీద నానెక్కుతాను. నీదాని మీద నువ్వెక్కు జగ్గారావూ” అని, చీర చెంగు నడుముకి దోపి, రూతమ్మగారు చకచకా పైకి ఎక్కేశారు. వర్తకుల్లో నవ్వులు. “ఆడమనిసి ఇంతకి తెగించిందేటి” అని ఎవరో అన్నారు. జగ్గారావు మీసం దువ్వుకుంటూ నేల మీదే నిలబడ్డాడు.

నీళ్ళు ఇంకి నేల మెత్తబడింది. మొదట రూతమ్మగారి కీలు అందుకుంది. కిర్రు... కిర్రు... ఆగకుండా అరిచింది. ఆవిడ తొందర లేకుండా దిగి వచ్చి, చెయ్యి చాపి, “ముందు దిగింది నానే. నా ముక్క ఇయ్యి” అని నన్ను అడిగారు. పరంజా ఒక పక్కకి ఒరిగింది గాని పడలేదు. అందరూ దానికేసి చూస్తుండగానే, పక్కదాని బాదు ఫెళ్ళున చీలింది. ముందు ఒక్క చప్పుడు లేదు. బెల్లం దిమ్మలన్నీ నేలకి కొట్టుకుని పగిలిపోయాయి.

“అయ్యయ్యో!” అన్నారు వర్తకులంతా ఒక్క గొంతుతో. పరుగెత్తి బురదలోంచి బెల్లం ముక్కలు ఏరుకున్నారు. నూకాలు కాలు విరిగిన రోజున ఆ నోళ్ళలోంచి ఒక్క అయ్యో రాలేదు. నేనది చూశాను. చూసి అరిచాను కూడా. నా అరుపు ఎవరూ పట్టించుకోలేదు.

సంఘం పెద్ద చేతులు తుడుచుకుంటూ వచ్చి రూతమ్మగారితో చాలా మెత్తగా మాట్లాడాడు. “నువ్వు సెప్పింది నిజమే గావొచ్చునమ్మా. నాను కాదన్ను. కానీ జగ్గారావు మనోడు. పైగా మూర్తం నాడు అరిసిందది. అలాటి వస్తువుని మల్లీ మా గోడలకి ఎలాగ ఆనిస్తాం సెప్పు?” తీర్పు అదే. కీళ్ళలోనే లోపమని సంఘం తేల్చేసింది. అబద్ధాన్ని నమ్మి చేసిన అన్యాయాన్ని ఎప్పుడో ఒకప్పుడు సరిదిద్దుకోవచ్చు. నిజం కళ్ళ ముందు ఫెళ్ళుమన్నాక కూడా చేసిన దాన్ని ఎవరు సరిదిద్దుతారు?

కొన్నాళ్ళకి జగ్గారావు అడితికి వచ్చాడు. అంతవరకు రూతమ్మ అన్నవాడికి అవసరం పడేసరికి ఆవిడ అప్ప, అంటే అక్క, అయింది.

“అప్పా, జరిగిందేదో జరిగిపోయింది. నీ కీళ్ళతో పని సుళువు, నాకు తెల్సు. ఆ సప్పుడొక్కటీ లేకండా సేసియ్యి. కాసింత గ్రీజు పూసీ సాలు. నా పనులన్నిటికీ నీ సామానే తీస్కుంతాను. సప్పుడు ఇంటే జనం బయపడిపోతన్నారు.”

అడితి అప్పటికి బోసిగా ఉంది. ఆ ఒక్క మాటకి సరేనంటే మళ్ళీ నిండుతుంది. రూతమ్మగారు కూర్చున్న చోటు నుంచి లేచారు.

“మూతి కట్టీసిన కుక్కని కాపలా పెడతావేటి బాబూ నువ్వు? బయపడాలనే కదా అది అరిసేది! బయపడి దిగితేనే కదా మనిసి మిగిల్తాడు! సరే, నువ్వడిగేవు కాబట్టి నానూ ఒకటడుగుతాను. తాడు సుట్టించింది నానేనని ఆ పెద్దల ముందర ఒక్క పాలి సెప్పు. నూకాలు ఇనేలాగ సెప్పు. అప్పుడు సూద్దాం.”

జగ్గారావు నవ్వాడు. “నువ్వు మారవప్పా” అని కండువా దులుపుకుని వెళ్ళిపోయాడు. ఆ మాట అతను చెప్పలేదు, చచ్చేదాకా చెప్పలేదు. తర్వాత ఎక్కణ్ణుంచో బిర్రుగా బిగించే ఇనుప పట్టీలు తెప్పించి, మా జిల్లాకి కొత్త పద్ధతి తెచ్చిన మనిషినని గిడ్డంగి ప్రారంభం రోజున దండ వేయించుకున్నాడు. ఆ దండ వేసింది సంఘం పెద్దే.

రూతమ్మగారు మాత్రం ఏడుస్తూ కూర్చోలేదు. మాడుగుల వైపు, వడ్డాది వైపు పల్లెల్లో సొంతిల్లు కట్టుకునే చిన్న రైతులకి సామాను పంపేవారు. వాళ్ళకి ముహూర్తాల అరుపుల కన్నా తమ ప్రాణాలు ముఖ్యం, ఎందుకంటే పరంజా ఎక్కేది వాళ్ళే. నూకాలు కాలు సరిగా అతకలేదు, మళ్ళీ తట్ట మొయ్యలేకపోయింది. రూతమ్మగారు ఆమెని అడితిలోనే పెట్టుకున్నారు. నూకాలు గుమ్మంలో కూర్చుని రబ్బరు కోసేది, తయారైన ప్రతి కీలునీ చెవి దగ్గర పెట్టుకుని తిప్పి చూసేది. అరవని దాన్ని పక్కన పారేసేది. “ఇది మూగది, పనికిరాదు” అనేది. ఇద్దరూ పొద్దస్తమానం ఒకరినొకరు తిట్టుకునేవారు, మధ్యాహ్నం ఒకే గిన్నెలో తినేవారు. తర్వాత నేను వేరే ఊళ్ళకి ఉద్యోగాలకి పోయాను. కొన్నేళ్ళకి రూతమ్మగారు పోయారని తెలిసి వెళ్ళేసరికి అడితి అమ్మేశారు. కీళ్ళన్నీ పాత ఇనుము కింద పోయాయి. చోడవరంలో ఇప్పుడు ఎవర్నడిగినా ఆ గిడ్డంగి కట్టింది జగ్గారావనే చెబుతారు.

మొన్న పొద్దున ఎదురింటి పరంజా కిర్రుమందని చెప్పాను కదా. కాఫీ పక్కన పెట్టి వింటూ కూర్చున్నాను. వినగా వినగా చప్పుడు ఠక్కున ఆగిపోయింది. మా కోడలు “హమ్మయ్య” అంది. నేను చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డు దాటాను. పైన నలుగురు కూలీలు పనిచేస్తున్నారు. కింద కీలుకి ఎవరో ఇనుప తీగ గట్టిగా చుట్టి మెలి పెట్టారు. పక్కన బురదలో పరంజా కాలు దిగి ఉంది.

“ఎవడు చుట్టమన్నాడిది?” అని అరిచాను.

హెల్మెట్టు పెట్టుకున్న కుర్ర ఇంజనీరు వచ్చాడు. మంచివాడే, మర్యాదగానే మాట్లాడాడు. “నేనేనండీ. కాలనీవాళ్ళు గోల పెడుతున్నారు. చప్పుడు వింటే జనం భయపడుతున్నారండీ” అన్నాడు.

అదే మాట. యాస ఒక్కటే తేడా. యాభై ఏళ్ళుగా కడుపులో ఉన్నదంతా, నేను ఎన్నడో మరిచిపోయాననుకున్న మా ఊరి మాటలోనే బయటికి వచ్చేసింది.

“బయపడాలనే కదరా అది అరిసేది! ముందా తీగ ఇప్పు!”

ముసలాడికి పిచ్చెక్కిందనుకున్నాడో ఏమో, కుర్రాడు వంగి తీగ విప్పాడు. కీలు వెంటనే కిర్రుమంది. “దిగిపొండర్రా!” అని కేకేశాను. పైన ఉన్న నలుగురూ దిగివచ్చారు.